కర్ణభేరికి చిల్లు: ఆగాలా, ఆపరేషన్ చేయించుకోవాలా?

గోరువంక
ఆడుతుంటే బంతి వచ్చి చెవి మీద బలంగా తగిలింది. టప్‌మని శబ్దం, పొడిచినట్టు నొప్పి, కాస్త రక్తం. నొప్పి మర్నాటికే తగ్గింది. కానీ ఆ వైపు అంతా మూసుకుపోయినట్టు ఉంది, లోపల సన్నగా హోరు. ఈఎన్‌టీ డాక్టర్ చూసి కర్ణభేరికి చిల్లు పడిందని, మూడు నెలలు నీళ్లు తగలకుండా చూసుకోమని చెప్పి పంపించేశారు. మందు కూడా రాయలేదు. ఇంట్లోవాళ్ల పోరు పడలేక ఇంకొకరికి చూపిస్తే ఆయన ఆపరేషన్ చేసి పొర వేయాలి, ఆలస్యం చేస్తే వినికిడి పోతుంది అన్నారు. చెవి అదే, చిల్లు అదే. ఒకరు ఏమీ వద్దంటారు, ఇంకొకరు కోయాల్సిందే అంటారు. ఎవరి మాట వినాలి? ఈ బాధ పడినవాళ్లు ఉంటే మీకు ఏం చేశారో, ఎలా తగ్గిందో చెప్పండి.

పాతరేడియో
ఆలస్యం చేయవద్దు. చిన్నప్పటి నుంచి నాకు ఎడమ చెవి కారేది. జలుబు చేసినప్పుడల్లా చీము, నాలుగు రోజులకు తగ్గడం, మళ్లీ మొదలు. చుక్కల మందులతోనే ఏళ్లు గడిచాయి. చివరికి ఆపరేషన్‌కు వెళ్తే లోపలి చిన్న ఎముక ఒకటి అరిగిపోయిందని చెప్పారు. మొదట్లోనే చేసి ఉంటే అది దక్కేదట. ఆ రెండో డాక్టర్ చెప్పిందే సరైనది.

నీలాకాశం
పాతరేడియో గారూ, మీది ఏళ్ల తరబడి కారిన చెవి. గోరువంక గారిది దెబ్బ తగిలి ఈమధ్యే పడిన చిల్లు. రెండింటికీ ఒకే వైద్యం ఎలా అవుతుంది? మా అన్నయ్య ఈతకొలనులోకి దూకుతూ చెవి మీదుగా నీళ్లకు కొట్టుకున్నాడు. అప్పుడు పడిన చిల్లు రెండు నెలలు తిరిగేసరికి దానంతట అదే పూడిపోయింది. స్నానానికి ముందు చెవిలో దూది పెట్టుకోవడం తప్ప ఏ వైద్యమూ లేదు.

పాతరేడియో
అందరికీ అంత అదృష్టం ఉండదు కదా.

ముక్కుచెవిగొంతు
ఇందులో అదృష్టం పాలు తక్కువండీ. చెవి వైద్యమే నా వృత్తి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కర్ణభేరి అడ్డకొలత సెంటీమీటరుకు కొంచెం తక్కువ, మందం మిల్లీమీటరులో పదో వంతు. అంత పలుచని దానిలోనూ మూడు పొరలు ఉంటాయి. బయట చర్మం, నడుమ నారలాంటి గట్టి పొర, లోపల తేమగా ఉండే మెత్తటి పొర. దెబ్బకు చిరిగినప్పుడు బయటి చర్మం అంచుల నుంచి పాకుతూ వచ్చి కన్నాన్ని మూసేస్తుంది. తాజా చిల్లుల్లో అత్యధికం కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో ఇలాగే పూడుతాయి. మొదటి డాక్టర్ మూడు నెలల గడువు పెట్టింది అందుకే. ఆయన ఏమీ చేయకుండా పంపించారని అనుకోవద్దు, ఆగడం ఇక్కడ వైద్యమే.

పాతరేడియో గారి చెవి సంగతి వేరు. చీము కారి కారి ఉండిపోయిన చిల్లులో అంచు చుట్టూ బయటి చర్మం లోపలికి మళ్లి, లోపలి పొరతో కలిసిపోతుంది. అంటే కన్నం అలా ఉండగానే అంచు మానిపోతుంది. పూడ్చవలసిన గాయం ఒకటి ఉందన్న కబురే ఇక కణాలకు అందదు. అలాంటి చిల్లు ఎన్నాళ్లు ఆగినా పూడదు. ఆపరేషన్‌లో మేము మొట్టమొదట చేసే పని ఆ అంచును సన్నగా గీరి మళ్లీ పచ్చిగాయం చేయడమే.

గోరువంక గారూ, తల తిరగడం, తూలడం, చీము, జ్వరం ఏమైనా ఉన్నాయా? వినికిడి పరీక్ష చేయించారా?

గోరువంక
అవేవీ లేవు. రెండో డాక్టర్ దగ్గర వినికిడి పరీక్ష చేశారు. కాగితం మీద రెండు గీతలు ఉన్నాయి. గాలి ద్వారా వినికిడి 30 డెసిబెల్స్ దగ్గర, ఎముక ద్వారా మామూలుగానే ఉందని రాశారు. ఇంకో సంగతి, నుదుటి మీద శృతిదండం ఆనించినప్పుడు దెబ్బ తగిలిన చెవిలోనే గట్టిగా వినిపించింది. నాకు అదేమిటో అర్థం కాలేదు.

స్వరరేఖ
మంచి సంకేతమే! వినికిడి పరీక్షలు చేయడం నేర్చుకుంటున్నాను కాబట్టి ఇది నేను చెబుతాను. శృతిదండం మోత పుర్రె ఎముక గుండా నేరుగా లోపలి చెవికి చేరుతుంది. గాలిలోంచి వచ్చే శబ్దానికి దారిలో అడ్డు ఉన్న చెవి ఎముక మోతను ఎక్కువగా వింటుంది. నరం దెబ్బతింటే అవతలి చెవిలో గట్టిగా వినిపించేది. ఆ రెండు గీతల మధ్య దూరమే చిల్లు వల్ల పోయిన వినికిడి. ఎముక గీత బాగుందంటే లోపలి చెవి బాగుంది, పోయింది తిరిగి వచ్చే రకం నష్టం.

చిల్లు పడితే వినికిడి ఎందుకు తగ్గుతుందంటే, కర్ణభేరి విస్తీర్ణం లోపలి చెవి కిటికీ మీద ఆనుకున్న కర్ణాంతరాస్థి అనే చిన్న ఎముక అడుగుభాగం కంటే దాదాపు 17 రెట్లు ఎక్కువ. పెద్ద పొర మీద పడిన ఒత్తిడి అంతా చిన్న చోటికి చేరుతుంది. చిన్న ఎముకల మీట బలం కలిపితే 22 రెట్ల దాకా పెరుగుతుంది. పొరలో కన్నం ఉంటే శబ్దపు ఒత్తిడి కొంత అందులోంచి లోపలికి జారి పొరను అవతలి వైపు నుంచి నెడుతుంది, పొర సరిగా కదలదు. మొదట దెబ్బతినేవి లోస్థాయి, అంటే మంద్ర స్వరాలు. కన్నం ఎంత పెద్దదైతే నష్టం అంత.

సాయంత్రపుగాలి
నీళ్లు తగలకుండా అని అందరూ అంటారు, ఎలాగో ఎవరూ చెప్పరు. ఉత్త దూది పెడితే అదే నీళ్లు పీల్చి లోపలికి అందిస్తుంది కదా?

నీలాకాశం
ఉత్త దూది కాదు. మా అన్నయ్య చేసిన పద్ధతి ఇది. చిన్న దూది ఉండ చేసి, దాని బయటివైపు పెట్రోలియం జెల్లీ బాగా పట్టించి, చెవి గొట్టం మొదట్లో ఆనించాలి. లోపలికి కుక్కకూడదు. చెవి చుట్టూ ఉన్న గుంటలో కూడా కాస్త పూస్తే నీళ్లు జారిపోతాయి. స్నానం కాగానే తీసి పారేయాలి. రోజంతా ఉంచితే లోపల చెమ్మ చేరుతుంది. తల స్నానం అయితే తల పక్కకు వంచి, ఆ చెవి పైకి ఉండేలా కాకుండా కిందికి ఉండేలా పోసుకునేవాడు.

తేనెపట్టు
ఈలోగా చుక్కల మందు వేసుకుంటే చీము పట్టకుండా ఉంటుంది కదా? ఇంట్లో పాత సీసా ఉంటే అదే వాడవచ్చు.

ముక్కుచెవిగొంతు
దయచేసి వద్దు. పొడిగా ఉన్న చెవికి చుక్కలే అక్కరలేదు. పైగా చెవి చుక్కల్లో చాలావాటిలో జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులు ఉంటాయి. పొర నిండుగా ఉన్నప్పుడు అవి బయటి గొట్టంలోనే ఆగిపోతాయి. చిల్లు ఉంటే మధ్య చెవిలోకి, అక్కడి నుంచి లోపలి చెవికి చేరి వినికిడి కణాలను చంపగలవు. ఆ కణాలు మళ్లీ పుట్టవు. గులిమి కరిగించే చుక్కలు, హైడ్రోజన్ పెరాక్సైడ్, నూనె ఏదీ పోయకూడదు. సిరంజితో నీళ్లు కొట్టించి గులిమి తీయించుకోవడం అసలే వద్దు.

తేనెపట్టు
మరి నాకు చెవి కారినప్పుడు చిల్లు ఉందని తెలిసి కూడా చుక్కలే రాశారు, మాత్రలు ఇవ్వలేదు. అది తప్పా?

ముక్కుచెవిగొంతు
తప్పు కాదు. మీకు ఇచ్చింది ఓఫ్లాక్సాసిన్ గానీ సిప్రోఫ్లాక్సాసిన్ గానీ అయి ఉంటుంది. ఆ కుటుంబపు మందులు లోపలి చెవికి హాని చేయవు, చిల్లు ఉన్న చెవి కారుతున్నప్పుడు మాత్రల కంటే బాగా పనిచేస్తాయి కూడా. డాక్టర్ చెవిలోకి చూసి రాసిన సీసా వేరు, అలమారలో దొరికిన సీసా వేరు.

తేనెపట్టు
సీసా తెచ్చి చూశాను, ఓఫ్లాక్సాసిన్ అనే ఉంది. సరే, పాత సీసా మాట వెనక్కు తీసుకుంటున్నాను.

మందారమొగ్గ
ఆగడానికీ ఆపరేషన్‌కీ నడుమ ఇంకో మెట్టు ఉంది, దాని గురించి ఎవరూ రాయలేదు. నా చిల్లు చిన్నదే గానీ గడువు దాటినా పూడలేదు. డాక్టర్ గదిలోనే, కుర్చీలో కూర్చోబెట్టి, మత్తు చుక్కలతో మొద్దుబార్చి, మైక్రోస్కోప్‌లో చూస్తూ అంచుకు ఏదో ఆమ్లం తాకించారు. చురుక్కుమంది, అంతే. తర్వాత పలుచని కాగితం ముక్క కన్నం మీద అతికించారు. అతికించిన మరుక్షణమే ఆ వైపు శబ్దాలు గట్టిపడ్డాయి! కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే ఇంకోసారి అతికించారు. ఇప్పుడు పొర నిండుగా ఉంది.

పాతరేడియో
చెవిలో కాగితమా? ఇది నేనెప్పుడూ వినలేదు.

ముక్కుచెవిగొంతు
19వ శతాబ్దం చివరి నుంచీ ఉన్న పద్ధతే. కాగితం పందిరిలా నిలబడితే చర్మం దాని వెంట పాకుతుంది. అంచుకు తాకించేది ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం లేదా సిల్వర్ నైట్రేట్, పని ముందు చెప్పినట్టే అంచును పచ్చి చేయడం. కాగితం బదులు కరిగిపోయే జెలటిన్ స్పాంజి పెట్టేవారూ ఉన్నారు. చెవి తమ్మె నుంచి రవ్వంత కొవ్వు తీసి కన్నంలో బిరడాలా పెట్టడం ఇంకొకటి. ఇవన్నీ చిన్న, పొడి చిల్లులకే. సగం పొర పోయినచోట కాగితం నిలవదు.

శ్రుతిపెట్టె
పాట నా వృత్తి, కాబట్టి ఆపరేషన్ అనగానే నాకు కలిగిన భయం మామూలుది కాదు. నాది పాత చిల్లు, పొరలో మూడో వంతు. టింపనోప్లాస్టీ చేశారు. చెవికి పైన, జుట్టు మొదలయ్యే చోట ఉండే కండరం మీది పలుచని తొడుగును తీసి, ఆరబెట్టి, కత్తిరించి, పొర వెనక నుంచి చిల్లుకు ఆనించి పెట్టారట. నాకు చెవి వెనక కోత పెట్టారు. ఎండోస్కోప్‌తో అయితే చాలామందికి చెవి గొట్టంలోంచే చేస్తున్నారు, అప్పుడు వెనక కోత ఉండదు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతులు చెబుతాను. ఒకటి, చెవి నిండా కరిగే స్పాంజి కుక్కుతారు. కాబట్టి లేచాక వినికిడి మునుపటి కంటే తగ్గినట్టే ఉంటుంది. ఆపరేషన్ పాడైందని ఏడ్చేశాను. అది కరిగేదాకా వారాల పాటు అలాగే ఉంటుంది. రెండు, నాలుక ఒక పక్క రుచి మారింది, ఏది తిన్నా ఇనుము నాకినట్టు. మధ్య చెవి గుండా రుచి నరం ఒకటి వెళ్తుందట, దాన్ని పక్కకు జరిపితే ఇలా అవుతుంది. నెమ్మదిగా పోయింది. మూడు, చెవి పైభాగం మొద్దుబారింది, దువ్వెన తగిలినా తెలిసేది కాదు. అదీ తిరిగి వచ్చింది.

ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులు ఎత్తకూడదు. స్పాంజి కరిగాక ఒక ఉదయం తంబూరా మీటితే మంద్రషడ్జం రెండు చెవులకూ సమానంగా వచ్చింది. స్వరరేఖ గారు చెప్పిన లోస్థాయి స్వరాలు ఇవే అనుకుంటా.

స్వరరేఖ
అవునండీ, అవే! ఆ వాక్యం మా తరగతిలో చదివి వినిపిస్తాను.

ఇసుకతిన్నె
అందరికీ మొదటిసారే అతుక్కోదు, అది కూడా రాయాలి. నాకు ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే గట్టి జలుబు పట్టింది, చెవి కారింది, వేసిన పొర ఒక మూల లేచిపోయింది. రెండోసారి వేరే డాక్టర్ చెవి ముందు బుడిపెలోని మృదులాస్థి తీసి పలుచగా చెక్కి వేశారు. అది నిలిచింది. రెండోసారి ఆపరేషన్‌కు వెళ్లే ముందు నా ముక్కు కూడా చూసి, ముందు ముక్కు అలర్జీకి వైద్యం చేశారు. మొదటిసారి ముక్కు సంగతి ఎవరూ అడగలేదు.

ముక్కుచెవిగొంతు
ముక్కు చూడడం చాలా ముఖ్యం. మధ్య చెవికి గాలి అందేది ముక్కు వెనక తెరుచుకునే యుస్టేషియన్ గొట్టం గుండానే. అది మూసుకుపోతే మధ్య చెవిలో ఒత్తిడి తగ్గి కొత్త పొర లోపలికి పీక్కుపోతుంది. మృదులాస్థి గట్టిది కాబట్టి అలా లొంగదు, వినికిడిలో పెద్ద తేడా కూడా ఉండదు. అందుకే రెండోసారి చేసేటప్పుడు, పెద్ద చిల్లులకు దాన్నే ఎంచుకుంటాం.

మంచి చేతుల్లో మొదటిసారి పొర అతుక్కునే అవకాశం నూటికి 85 నుంచి 95 దాకా ఉంటుంది. పొగతాగితే తగ్గుతుంది. కారుతున్న చెవికి ముందు మందులతో కారడం ఆపి, కొన్ని వారాలు పొడిగా ఉంచాక చేయడం మేలు. 1950లలో జర్మనీలో వుల్‌స్టీన్, జోల్నర్ ఈ శస్త్రచికిత్సకు ఒక పద్ధతి ఏర్పరిచారు. మైక్రోస్కోప్ చేతికి వచ్చాకే ఇది సాధ్యమైంది.

పాలపిట్ట
మా పాపకు అయిదేళ్లు. తరచూ జలుబు, చెవి నొప్పి, చీము, చివరికి చిల్లు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఆగుదాం అంటున్నారు. అంతదాకా బడిలో పాఠం ఎలా వినపడుతుందని నా దిగులు. ఆపరేషన్ ఇప్పుడే చేసేయమని అడగనా?

పాతరేడియో
అడగండి. చిన్నప్పుడు ఆగి ఆగి నా ఎముక పోయింది.

నీలాకాశం
పాతరేడియో గారూ, మీ బాధ అర్థమవుతోంది. కానీ పసిపాప చెవి మీ చెవిలాగే అవుతుందని ఎందుకు భయపెడతారు?

పాతరేడియో
భయపెట్టడానికి కాదు. నన్ను క్రమం తప్పకుండా చూసినవాళ్లు ఎవరూ లేరు, అది నా బాధ. ఆగమంటే మరిచిపోవడం అయిపోకూడదు, అంతే.

ముక్కుచెవిగొంతు
పాతరేడియో గారి చివరి మాట నూటికి నూరుపాళ్లు సరైనది. పాలపిట్ట గారూ, పిల్లల యుస్టేషియన్ గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, జలుబు వెంటనే చెవికి పాకుతుంది. ముక్కు వెనక ఉండే మెత్తటి కండ (అడినాయిడ్లు) పెరిగి ఉంటే ఇంకా ఎక్కువ. వయసుతో గొట్టం నిలువుగా మారి జలుబులు తగ్గాక వేసిన పొర నిలుస్తుంది. వయసు విషయంలో డాక్టర్లలో భేదాభిప్రాయం ఉంది, ముందే చేసేవారూ ఉన్నారు. మీరు అడగవలసినవి: అడినాయిడ్లు చూశారా, వినికిడి ఎంత ఉంది, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు. ఈలోగా బడిలో ముందు వరుసలో, బాగా వినిపించే చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టమనండి. రెండు చెవులూ తగ్గితే వినికిడి యంత్రం పిల్లలకూ పెడతారు.

వానచినుకు
మా నాన్నగారికి డెబ్బై దాటాయి. చిన్న పాత చిల్లు, ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. ఆపరేషన్ వద్దని ఆయన పట్టు. నేనూ బలవంతం చేయలేదు. వినికిడి యంత్రం పెట్టుకుని టెలివిజన్‌లో వార్తలు హాయిగా వింటున్నారు.

ముక్కుచెవిగొంతు
పొడిగా ఉండే చిల్లుకు అదీ సరైన నిర్ణయమే. యంత్రపు అచ్చు, అంటే చెవిలో అమర్చే భాగం, చెవిని మూసేస్తే ఒక్కోసారి చెమ్మ చేరి కారడం మొదలవుతుంది. అలా జరిగితే గాలి ఆడే అచ్చు గానీ, ఎముక ద్వారా వినిపించే యంత్రం గానీ అడగండి.

కొండగాలి
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. నాకు నొప్పి లేదు. చెవిలో ఎప్పుడూ కొంచెం తడి, దిండు మీద మరక. వాసన మాత్రం భరించలేనిది, పక్కన ఎవరైనా కూర్చుంటే సిగ్గేస్తుంది. ఒకప్పుడు ఎవరో చిల్లు పొర పైభాగంలో ఉందన్నారు. ఆగితే పూడుతుందని మీరంతా రాస్తున్నారు కాబట్టి ఆగనా?

ముక్కుచెవిగొంతు
వద్దు. ఈ వారంలోనే చూపించుకోండి. ఈ చర్చలో ఆగవద్దని నేను చెబుతున్నది మీ ఒక్కరికే.

పొర పైభాగంలో గానీ అంచును ఆనుకుని గానీ ఉండే చిల్లు, కొద్దిగా కారే దుర్వాసన కలిస్తే కొలెస్టియటోమా అని అనుమానించాలి. బయటి చర్మం లోపలికి సంచిలా పెరిగి, మృతకణాలు పేరుకుని, చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. క్యాన్సర్ కాదు. కానీ లోపలి చెవి, ముఖ నరం, మెదడు పొరలు అన్నీ పక్కనే ఉంటాయి. చుక్కలతో పోదు, ఆపరేషన్ చేసి పూర్తిగా తీయాలి. సీటీ స్కాన్ అడగవచ్చు. తల తిరిగినా, మూతి ఒక పక్కకు లాగినా, చెవి వెనక వాచి జ్వరం వచ్చినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా ఈ వారం దాకా కూడా ఆగవద్దు, ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లండి.

పాతరేడియో
కొండగాలి గారూ, ఆ వాసన నాకు తెలుసు. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నాది తీసేశాక పోయింది. వెళ్లండి, వెళ్లి ఏమన్నారో ఇక్కడ రాయండి.

కొండగాలి
ఎల్లుండి పొద్దున చూస్తామన్నారు. ధన్యవాదాలు అందరికీ.

పుస్తకాలపురుగు
ఆపరేషన్ లేకుండా పొర పెంచే మందు జపాన్‌లో ఉందని చదివాను. నిజమేనా?

ముక్కుచెవిగొంతు
నిజమే. కణాలు పెరిగేలా చేసే ట్రాఫెర్మిన్ అనే వృద్ధి కారకాన్ని జెలటిన్ స్పాంజిలో నానబెట్టి చిల్లులో పెడతారు. 2019లో అక్కడ అనుమతి వచ్చింది. అక్కడా ముందు అంచును గీరే పెడతారు. పాత పని మారలేదు, కాగితం స్థానంలో మందు వచ్చింది. అందరికీ అందుబాటులోకి వస్తే చాలామందికి కోత తప్పుతుంది. నాకైతే దాని మీద ఎంతో ఆశ ఉంది.

గోరువంక
మొదటి డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లాను. వినికిడి పరీక్ష కాగితం చూపించాను. చిల్లు అంచుల దగ్గర చర్మం పాకుతోందని తెరమీద చూపించారు. గడువు అయ్యాక మళ్లీ పరీక్ష చేసి, అప్పటికీ పూడకపోతే కాగితమా ఆపరేషనా మాట్లాడుకుందాం అన్నారు. ఈ లోపు పని మీద విమానం ఎక్కాల్సి ఉంది, అది అడగడం మరిచాను.

ముక్కుచెవిగొంతు
చిల్లు ఉన్న చెవికి విమానంలో నొప్పి రావడం తక్కువ, గాలి అటూ ఇటూ ఆ కన్నంలోంచే పోతుంది. జలుబు, చీము లేకపోతే వెళ్లండి. పొర వేయించుకున్నవాళ్లే కొన్ని వారాలు ఆగాలి.

నీలాకాశం
అన్నయ్యకు పొర పూడినట్టు కనిపించగానే ఈతకు వెళ్తానన్నాడు, ఇంకొన్నాళ్లు ఆగమన్నారు. పూడకముందే దూది పెట్టుకుని ఈదితే ఏమవుతుంది?

ముక్కుచెవిగొంతు
దూది ఈతలో నిలవదు. చీము పట్టడం ఒక ప్రమాదం. అంతకంటే పెద్దది, చల్లటి నీళ్లు కన్నంలోంచి మధ్య చెవిలోకి పోతే లోపలి చెవిలో శరీర సమతుల్యతను చూసుకునే భాగం ఒక్కసారిగా చల్లబడి కళ్లు గిర్రున తిరుగుతాయి. నీళ్లలో మునిగి ఉండగా అలా తిరిగితే పైకి ఎటో తెలియదు. కొత్తగా పూడిన పొరలో నడిమి నారపొర ఉండకపోవచ్చు, పలుచగా ఉంటుంది. అందుకే డాక్టర్ చూసి సరే అన్నాకే ఈత. లోతుకు మునిగే డైవింగ్ సంగతి విడిగా అడగాలి.

నీలాకాశం
ఇది అన్నయ్యకు పంపిస్తున్నాను.